దారానికి వేసిన ముడులు

ఆసుపత్రి పెద్ద డాక్టరు గారికి,

మూర్ఛలు వచ్చే అమ్మాయి తల్లిని. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే అమ్మాయే రాస్తోంది.

మాత్రలతో పాటు రోజూ అరగంట సంగీతం వినిపించి చూద్దామని ఆ పాటల పెట్టె మీరే ఇచ్చారు. అది వింటున్నంతసేపూ ఇంట్లో గిన్నె చప్పుడు కానివ్వలేదు. మూర్ఛ వచ్చినప్పుడల్లా దారానికి ఒక ముడి వేశాను. వినకముందు రెండు నెలల్లో పంతొమ్మిది ముడులు. విన్న రెండు నెలల్లో ఏడు.

మీ గుమాస్తా దారం చూసి నవ్వాడు. "ముడులు లెక్కకు రావు మామ్మా, రోగి తన చేత్తో రాసిన కాగితం కావాలి" అన్నాడు.

"మూర్ఛ వచ్చి పోయిందని దానికే తెలియదు, ఏం రాస్తుంది నాయనా? నువ్వు పెట్టిన గురకలు నువ్వు రాసుకున్నావా?" అన్నాను.

పెట్టె మాత్రం తీసేసుకున్నాడు.

పది రోజులైంది. నాలుగు ముడులు పడ్డాయి. నాకు కోపం కూడా రావడం లేదు. పాట వినే వేళకు ఇద్దరం అలవాటుకొద్దీ కుర్చీల్లో ఊరికే కూర్చుంటున్నాం. పాటతో జబ్బు పోతుందని నేననను. ఏడూ పంతొమ్మిదీ ఒకటి కాదంటాను. కాబట్టి ఆ పెట్టె మాకు తిరిగి

ఇక్కడ అమ్మాయి చేతిలోంచి కలం జారిపోయింది. మిగతాది ఎదురింటి దర్జీ రాస్తున్నాడు. ఇందాక కళ్లు తెరిచి, "ఉత్తరం అయిపోయిందా అమ్మా?" అని అడిగింది. అయిపోయిందన్నాను.

ఐదో ముడి కూడా వేసి దారం ఈ కవరులో పెడుతున్నాను. లెక్కపెట్టుకుని తిరిగి పంపండి. దాంతో నాకింకా పని ఉంది.

వేలిముద్ర