కాళ్ళ మీద స్నానం

చెల్లి మార్తాకు,

నీ బీపీ తగ్గిందా? పాట్రిక్ మరిదికి షుగరు అదుపులో ఉందా? మీ చిన్నోడు గావిన్ దగ్గు పోయిందా? ఎవరూ ఏమీ చెప్పకపోతే నాకన్నీ చెడ్డ ఆలోచనలే వస్తాయి.

కోడలు సోఫియా నన్ను చర్చి తల్లుల వాట్సాప్ గ్రూపులో చేర్చింది. అందులో ఎవరూ మాట్లాడరు, పువ్వుల బొమ్మలు పంపుకుంటారు. పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే కదా, మొన్న నోటితో చెప్పి పంపాను: “పసిబిడ్డల్ని కాళ్ళ మీద ఏసుకొని నీళ్ళు పోసేవోళ్ళు ఇప్పుడెవరూ లేరేటి?” ఇంక సాయంత్రం దాకా ఫోను మోగుతూనే ఉంది. డాక్టరు తిడతాడని ఒకామె, మా అమ్మమ్మ అలాగే పోసిందని ఇంకొకామె. తమిళంలో, ఇంగ్లీషులో వాళ్ళలో వాళ్ళే వాదించుకున్నారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. అనరాని మాట అన్నానేమోనని భయపడ్డాను.

చివరికి మిషెల్ అనే కొత్త తల్లి, సొంత మామ్మని పిలిచినట్టు, “పాట్టీ, నా బిడ్డకి మీరు పోస్తారా?” అని అడిగింది. ఇక్కడోళ్ళు ప్రతి మాటకీ ‘లా’ తగిలించినట్టే, “రా లా, అమ్మా” అనేశాను.

కానీ జారిపడ్డ దగ్గర్నుంచి నేను కింద కూర్చోలేను. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే రాదేమో. నువ్వు మీ క్లాంగ్‌లో బస్సెక్కి ముందు రోజే రా. నువ్వు కాళ్ళు చాపుకొని కూర్చుంటే నీళ్ళు నేను పోస్తాను. మిషెల్ బిడ్డను తెచ్చేది డిసెంబరు పదమూడు, శనివారం పొద్దున.