సాకు

చింతామణి,
2025 జనవరి 19, ఆదివారం.

చిరంజీవి అమరనాథ్‌కు,

అక్క యశోద ఆశీర్వదించి రాయునది. నేనూ మీ బావా ఇక్కడ క్షేమం. చిక్కబళ్ళాపురంలో మీరంతా క్షేమమేనని మరదలు రూప ఫోన్లో చెప్పింది. నీ క్షేమం నీ నోట వినాలంటే నేను నీ అక్కగా కాక, నువ్వు హైదరాబాదుకు పంపే చామంతి పువ్వుగా పుట్టి ఉండాల్సింది.

ఉత్తరం చూసి కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ చేస్తే రెండు మాటలు కాకముందే, లోడు వచ్చిందక్కా, మల్లా మాట్లాడతా అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేవు కదా, అందుకే రాస్తున్నాను. విషయం ముందే చెప్పేస్తాను. పందెం నేను గెలిచాను.

ఏ పందెం అంటావని తెలుసు. పోయిన ఏడు చలికి అనపకాయలు దిగే కాలంలో నువ్వు మురుగమల్ల వైపు పూలతోట చూసి వస్తూ నా మెస్సు ముందు కారు ఆపావు. కారు ఆపావు గానీ ఇంజను ఆపలేదు. ఆ వేళ నేను గిరాకీలు కూర్చునే బల్ల మీద కూర్చుని రాగిముద్ద తింటున్నాను. కిటికీలోంచి తల బయటపెట్టి, ఏమక్కా, జొరమా అన్నావు. ఒంట్లో బాగాలేకపోతే తప్ప అక్క కూర్చోదని అనుకున్నావు చూడు, అది నిజమే. తెల్లారకముందే ఇడ్లీ, దోసె, చిత్రాన్నం, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం బజ్జీలు, రాత్రి పరోటాలు, మధ్యలో బండ్ల మీద వచ్చే పార్సెళ్ళ వాళ్ళు. ఊరందరికీ వడ్డించే నేను కూర్చుని తిన్న పూట ఏదా అని ఆలోచిస్తే ఒక్కటీ గుర్తు రాలేదు. ఆ రోజు ఎందుకో విసుగొచ్చి కూర్చున్నాను. ముద్ద వేడిగా ఉంది, దాని మీద పోసుకున్న అనపగింజల పితికిపప్పు సారు బ్రహ్మాండంగా కుదిరింది. ఇంత బాగా వండుతానా అని నాకే ఆశ్చర్యం వేసింది.

ఇకమీద మధ్యాహ్నం ఒక్క పూటే, ముద్దా సారూ తప్ప ఇంకేమీ ఉండదు, అయిపోతే తలుపు వేసేస్తాను అని అప్పుడే నీతో చెప్పాను. నువ్వు నవ్వావు. ఇట్ల చేస్తే మల్లా అనపకాయలు వచ్చేలోగా మూసుకుంటావక్కా, అప్పుడు ఈ జాగా నాకియ్యి, పార్సెల్ కౌంటరు పెడతా అన్నావు. సరేనన్నాను. నేను గెలిస్తే మాత్రం నువ్వు ఇంజను ఆపి, ఫోను రూప చేతికిచ్చి, నా ఎదురుగా కూర్చుని కడుపునిండా ఒక పూట తినాలన్నాను. అదెంత పనక్కా అంటూ ముద్ద పార్సెల్ కట్టించుకుని పోయావు.

మొదట్లో నువ్వే గెలిచేటట్టు ఉన్నావు. దోసెలకు అలవాటైనవాళ్ళు తలుపు దాకా వచ్చి గొణుక్కుంటూ పోయారు. వానాకాలంలో మరీ కష్టమైంది. చేసిన ముద్దలు మిగిలిపోయేవి. నాతోపాటు వంట చేసే అంజనమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ అవే తినేవాళ్ళం. మీ బావ అయితే దోసె పెనం శుభ్రంగా తోమి పొయ్యి పక్కన పెట్టారు. దాన్ని చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఒకరోజు ఓడిపోయాననుకుని దాన్ని పొయ్యి మీదికి ఎక్కించాను కూడా. అంజనమ్మ వచ్చి దించేసింది. ఏంటికమ్మా మల్లా, ఇప్పుడిప్పుడే నాకు నిద్ర పడతాండాది అంది. ఆ మాటతో పెనం అటకెక్కింది.

ఇక బోర్డు సంగతి విను. ముద్దలు అయిపోగానే తలుపుకు తగిలించడానికి ఒక అట్ట మీద కన్నడంలో ‘సాకు’ అని రాయించాను. చాలు అని కదా అర్థం. మదనపల్లి నుంచి టమోటా కొనడానికి వచ్చే వెంకటరాయప్పకు కన్నడం రాదు. కానీ ఆ రెండక్షరాలూ మన తెలుగు అక్షరాల్లాగే ఉంటాయి. ఆయన తెలుగులో చదువుకుని మండిపడ్డాడు. ముద్ద అయిపోతే అయిపోయిందని చెప్పల్ల గానీ సాకులు చెప్పేది ఏంటికమ్మా, అదీ బోర్డు పెట్టి చెప్తాండారే అని నన్ను నిలదీశాడు. మా దగ్గర రోజూ తినే బస్సు డ్రైవరు గంగాధరప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు. అర్థం తెలిశాక వెంకటరాయప్ప కూడా నవ్వాడు. అప్పటి నుంచీ ముందుగానే వచ్చి, ఈ పొద్దు ఏం సాకమ్మా అని అడిగి మరీ తింటున్నాడు. గంగాధరప్ప ఈ ముచ్చట తన బస్సు పోయిన చోటికల్లా మోశాడు. బాగేపల్లిలో చెప్పాడు, గౌరిబిదనూరులో చెప్పాడు. ఇప్పుడు బస్టాండులో దిగినవాళ్ళు సాకు మెస్సు యాడుండాది అని అడుగుతున్నారట. యశోదమ్మ మెస్సంటే ఎవరికీ తెలియదు. పేరు పోయినందుకు నాకేమీ బాధ లేదు.

ఈ ఏడు అనపకాయలు దిగాయి. పితికి అమ్మే ప్యాకెట్టు పప్పు తెచ్చుకో అని నువ్వు అప్పట్లో చెప్పావు, నేను తెప్పించలేదు. మొన్న శుక్రవారం మధ్యాహ్నం మీ బావ లోపల వడ్డిస్తుంటే, నేనూ అంజనమ్మా మర్నాటి సారుకోసం నానిన అనపగింజలు అరుగు మీద పెట్టుకుని పొట్టు పోయేలా పితుకుతున్నాం. లోపల చోటు లేక బయట నిలబడ్డవాళ్ళు ఊరికే ఉండలేక ఒక్కొక్కరే వచ్చి తట్ట చుట్టూ కూర్చున్నారు. బ్యాంకులో పనిచేసే సహన ఫోన్ చెవికి ఆనించుకుని వచ్చింది. గింజలు పితికే చేతికి జిగురు, ఫోన్ పట్టుకోవడానికి కుదరదు. సంచీలో పడేసి కూర్చుంది. వేళ్ళ మధ్యనుంచి జారిన ఒక పప్పు ఎగిరి వెంకటరాయప్ప కళ్ళజోడుకు తగిలింది. నాకు నువ్వే గుర్తొచ్చావు. నీ చిన్నప్పుడు, అమ్మ చనిపోయిన ఏడు, నేను పితుకుతుంటే పక్కన కూర్చుని సరిగ్గా నా మొహానికే గురిపెట్టి కొట్టేవాడివి. ఎంత తిట్టినా లేచి పోయేవాడివి కాదు.

అందరూ తిన్నాక బోర్డు తగిలించాను. మీ బావ చేతులు తుడుచుకుంటూ, గెలిచినావు పో అన్నారు. అమరా, ఆ మాటకు వీధిలో గంతెయ్యాలనిపించింది. వేశాను కూడా. చూసినవాళ్ళు చూశారు.

మెస్సు నిలబడింది. వచ్చేది మా ఇద్దరికీ, అంజనమ్మకూ సరిపోతోంది. మధ్యాహ్నం మేము కూడా ఆకులు వేసుకుని కూర్చునే తింటున్నాం. ఇక్కడికి కాపురానికి వచ్చినప్పటి నుంచీ కింద నిలబడి చూడటమే తప్ప ఎక్కని అంబాజీదుర్గం కొండను పోయిన నెలలో ఎక్కాను. మోకాళ్ళు రెండు రోజులు తిట్టాయి, నేను పట్టించుకోలేదు.

కాబట్టి నా పందెం నాకు చెల్లించు. పూలు వాడిపోతాయక్కా అని మొదలుపెట్టకు, ఒక పూటకు నీ దగ్గర పనిచేసే కిశోర్ చూసుకుంటాడని రూప చెప్పింది. ఫోన్ కూడా తనే లాక్కుంటానంది. అనపకాయలు ఉండగానే రా.

ఇట్లు,
గెలిచిన మీ అక్క,
యశోద.

తా.క. ఇన్నాళ్ళూ రూపకు తప్ప ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. నేను ఓడిపోయి ఉంటే నువ్వు ఇక్కడ పార్సెల్ కౌంటరు పెట్టేవాడివి. పెట్టి ఊరుకునే మనిషివా, రోజూ వచ్చి చూసుకునేవాడివి. గెలిస్తే ఒక పూట వస్తావు, ఓడితే రోజూ వస్తావు. ఎటు పడినా నా తమ్ముడు నా కళ్ళెదుట ఉంటాడనే కాశాను. ఆ పందెం వెంకటరాయప్ప చదివిన సాకేరా. అమ్మ పోయాక నిన్ను సాకినదాన్ని, నీ ఆకలి నాకు తెలియదా. నువ్వొచ్చిన రోజు నీ ఆకు ముందే ఉంటాను. నీ నోటితో సాకక్కా అనేదాకా వడ్డిస్తాను.