ఆనకట్ట లెక్కలో ఆరు ఘనపు మీటర్లు

చిట్టీ,

పక్క గదిలో ఉన్న నీకు ఉత్తరం రాస్తున్నానంటే, ముఖం చూసి చెప్పలేకే.

పన్నెండేళ్లుగా నేను రాసుకొచ్చిన జలాశయం ప్రోగ్రాం డబుల్ ప్రెసిషన్‌లోనే, అంటే ప్రతి సంఖ్యనూ పదిహేను అంకెల దాకా పట్టుకునే నడిచేది. నువ్వు చేరిన ఏడాదికే ఏడంకెల సింగిల్‌లోనూ నడిచేలా మార్చావు. వరద అంచనా సగం సమయంలో వస్తోంది. "ఇన్నేళ్లూ ఇది మీకెందుకు తట్టలేదమ్మా?" అని మన ఆఫీసరు నవ్వారు. ఇంట్లో అమ్మ కూడా, "చిన్నదానిది చురుకు బుర్ర" అంది. పైకి తలూపాను గానీ లోపల కుళ్లుకుని చచ్చాను.

అందుకే పనిగట్టుకుని నీ కోడులో తప్పు వెతికాను. దొరికింది. జలాశయంలో ఇరవై కోట్ల ఘనపు మీటర్ల నీళ్లున్నాయి. వాగు నుంచి వచ్చే ఆరింటిని ప్రోగ్రాం సెకనుకోసారి కలుపుతుంది. అలాంటి తొమ్మిదంకెల సంఖ్య పక్కన, ఏడంకెలే పట్టే సింగిల్‌లో ఆ ఆరు నిలవదు. రోజంతా వాగు పారినా లెక్కలో మొత్తం కదలదు. ఆ ఒక్క మొత్తాన్ని డబుల్‌లో ఉంచితే చాలు.

ఇది తెలిసి పదకొండు రోజులైంది. నలుగురిలో నువ్వు తలదించుకుంటే చూడాలని నోరు మెదపలేదు. నిన్న ఆఫీసరు, "సోమవారం నుంచి మీ చెల్లి లెక్క ప్రకారమే గేట్లు ఎత్తుదాం" అన్నారు. ఆయన గది కిటికీలోంచి ఆనకట్ట దిగువ మేడల మీద ఆరేసిన బట్టలు కనిపించాయి. ఇక ఊరుకోలేకపోయాను.

రేపే సరిచెయ్యి. నువ్వే కనిపెట్టినట్టు చెప్పు. అందరి ముందూ నా పేరెత్తి మెచ్చుకున్నావంటే, అది ఓర్చుకునే మంచితనం నాకింకా రాలేదు.

నీ అక్క