తెంపిన ఎర్ర దారాలు

సారంగాపూర్ దగ్గర, మమత వాళ్ల మామిడితోట నుంచి.

అమ్మకు, నీ బిడ్డ లావణ్య దండం పెట్టి రాస్తున్న సంగతులు. నేను బాగానే ఉన్నాను. నువ్వు, నాన్న, తమ్ముడు ఎలా ఉన్నారు? నాన్నకు దగ్గు తగ్గిందా? బీడీలు చుట్టి చుట్టి పట్టేసిన నీ మెడ ఇప్పుడు ఎలా ఉంది? ఫోన్ ఉండగా ఉత్తరమేంటని అనుకోకు. ఫోన్లో అయితే ఏడుస్తాను, నువ్వు ఉన్నపళంగా సిరిసిల్లలో బస్సెక్కుతావు. ఇంటికొచ్చాక నోటితో చెప్పడం నా వల్ల కాదు. నేను బాగానే ఉన్నానని మళ్లీ చెబుతున్నాను.

ఇక్కడ చలి ఎక్కువ. పొద్దున్నే కోళ్ల గూడు తెరవబోతే వేళ్లు కొంకర్లు పోతాయి. మన మగ్గాల చప్పుడుకు విసుక్కునేదాన్ని కదా, వచ్చిన కొత్తలో అది వినబడకనే నిద్ర పట్టలేదు. ఇప్పుడు ఆ లోటు టర్కీ పుంజులు తీరుస్తున్నాయి. మనం ఒక్కసారి దగ్గితే చాలు, అన్నీ కలిసి బదులిస్తాయి.

మగ్గాలకు నూలు కండెలు చుట్టే పని పోయినప్పుడు మమతే కదా నన్ను పిలిచింది. చిన్నప్పటి దోస్తు, మొగుడు దుబాయిలో, తోటలో ఒక్కతే. కోరుట్ల అంగట్లో కోడిపిల్లలు, టర్కీ పిల్లలు బేరం చేస్తూ, "కొనుడు నాది, సాదుడు నీది. పాలుకే అనుకో, అన్నిట్ల చెరి సగం" అంది. ఆ మాట నీ ముందర అనిపించి ఉంటే బాగుండేది.

మొదటి విడత టర్కీ పిల్లలు నా చేతిలోనే పోయాయి. కాళ్ల ముందు నూకలు చల్లినా తినవమ్మా, వాటికి తినడమే రాదు. నేనేమో దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశాను. నవ్వకు. తర్వాతి విడతలో నాటుకోడి పిల్లలను కలిపి వదిలాను. అవి పొడుచుకు తింటుంటే చూసి ఇవీ నేర్చుకున్నాయి. అప్పటి నుంచి నా చేతిలో ఒక్కటి కూడా పోలేదు.

ఇక్కడ ఎవరి కోళ్లను వాళ్లు గుర్తుపట్టడానికి పిల్లగా ఉన్నప్పుడే కాలి గోరు కోస్తారు, ఒక్కో ఇంటికి ఒక్కో వేలు. నాకు చేతులాడలేదు. మగ్గాల ఇంటి పిల్లను కదా, సంచిలోంచి ఎర్ర దారం తీసి నా వాటా పిల్లల కాళ్లకు కట్టాను. పెరిగేకొద్దీ విప్పి వదులుగా కట్టుకుంటూ వచ్చాను. ఒకరోజు మమత చూసి, "కాళ్లు కోసుకపోతయే పాపం, తెంపెయ్యి. మనిద్దరి నడుమ గుర్తులేందే?" అంది. నాకెంత సంతోషమైందో! ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే తెంపాం. ఆ రోజు ఒకే పళ్లెంలో తిన్నాం.

పోయిన వారం వాళ్లాయన సెలవు మీద వచ్చాడు. చుట్టాలకు దావత్ అన్నాడు. నా వాటాలోవి, గుడ్లు పెడుతున్న టర్కీ పెట్టలనే పట్టుకున్నాడు.

"అన్నా, అవి నా పాలుకు వచ్చినయి. కావాలంటే పుంజులను కొయ్యుండ్రి" అన్నాను.

"పాలేంది?" అని మమతను అడిగాడు.

మమత తల వంచుకుని ఉంటే కొంతైనా ఓర్చుకునేదాన్ని. "పాలు లేదు గీలు లేదు. కోళ్ల కాడ పనికి పెట్టుకున్న గీమెను" అని ఆయనతో చెప్పింది. నా వైపు తిరిగి, "నీయే అయితే గుర్తేదే? సూపియ్యి" అంది.

దావత్‌లో అందరికీ నేనే వడ్డించాను. ఎందుకు వడ్డించానని అడగకు. నా పళ్లెం గూడు పక్కన పెట్టారు. తినకుండానే లేచాను.

చుట్టాలు వెళ్లాక మమత వచ్చింది. "ఆయన ముంగట గట్ల అనాల్సి అచ్చింది. మనసుల పెట్టుకోకు" అంది.

"మరి నా కోళ్లు నాకిస్తవా?"

"ముందుగాల ఆయనను పోనియ్యే" అంది. ఇవ్వదని అప్పుడే తెలిసిపోయింది. నన్ను మోసం చేసిందమ్మా. పరాయివాళ్లు చేస్తే నోరారా తిట్టి ఊరుకునేదాన్ని. దీన్ని తిట్టడానికి నోరు కూడా రావడం లేదు.

వచ్చే వారం వచ్చేస్తాను. కోరుట్లలో మేనత్త వాళ్ల దొడ్డి ఖాళీగా ఉందన్నావు, నా కోసం ఒక మాట అడిగి పెట్టు. పని నేర్చుకున్నాను కాబట్టి మళ్లీ మొదలుపెట్టుకోగలను. నాన్నకు మెల్లగా చెప్పు. తమ్ముణ్ణి మాత్రం ఇక్కడికి గొడవకు రానివ్వకు. అమ్మమ్మ కాళ్లకు నా దండాలు. మీ అందరి దీవెన నా మీద ఉండనివ్వు. నా గురించి రంది పెట్టుకోకు, బాగానే ఉన్నాను.

ఒక్క సంగతి. ఆ పెట్టలను కొయ్యకముందే నాటుకోడి కింద పొదగేసిన వాటి గుడ్లు మొన్న పిల్లలయ్యాయి. వాటికి రోగం రాకుండా కంట్లో వేసే చుక్కల మందు వేయించాకే, ఇక్కడే వదిలి బయలుదేరుతాను. మమతకు వాటిని సాదడం ఏమీ తెలియదు, నేను వచ్చిన రెండు రోజులకే నీకు ఫోన్ చేస్తుంది. తిట్టకు, లేనని చెప్పకు. ఫోన్ నాకివ్వు. తడి నేల మీద తిప్పొద్దని, మేతలో కలిపే ఉల్లాకు ఎంత సన్నగా తరగాలో అన్నీ చెబుతాను. మధ్యలో "బాగున్నవానే?" అని అడుగుతుంది. దానికి మాత్రం జవాబు చెప్పను.

నీ బిడ్డ,
లావణ్య