గోడకు సున్నం వేయవద్దు

కల్లోని దగ్గరి పల్లె,
ఏప్రిల్ 18

దీవి పక్షిమిత్రుల సంఘం సెక్రటరీ ఇగ్నాతిస్ సరాందిస్ గారికి,

మిర్సీని కంబూరి నమస్కరించి రాస్తున్నది. నేనిక్కడ క్షేమంగా లేను. దానికి కారణం మీరే.

నాలుగు రోజులుగా మా గేటు ఎదురుగా, సందులో, పదకొండు మంది నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో పొగగొట్టమంత కెమెరా. అన్నీ మా ఇంటివైపే గురిపెట్టి ఉన్నాయి. నాకు అరవై తొమ్మిదేళ్లు. మా ఆయన పోయి పన్నెండేళ్లు. నా లోపావడాలు ఆరేసుకోవడానికి ఇంతవరకూ ఎవరికీ జడవలేదు. ఇప్పుడు వాటిని తలగడ గలీబుల్లో దాచి ఆరేస్తున్నాను.

ఏమిటయ్యా చూస్తున్నారు అంటే "పిట్ట, పిట్ట" అంటారు. ఏం పిట్ట? మా ఇంట్లో ఎనిమిది కోళ్లు, ఒక కుంటి పుంజు ఉన్నాయి. పిట్టలు కావాలంటే ఉప్పుమళ్ల దగ్గరికి పొమ్మనండి, అక్కడ కొల్లలు. వీళ్లలో ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న ఏథెన్స్ ఆవిడ ఒకతె ఉంది. నా నూనె డబ్బా తిరగేసి దానిమీదెక్కి నిలబడింది. "దిగమ్మా తల్లీ" అంటే "ష్ష్!" అంది. నా గుమ్మంలో నన్ను!

ఈస్టర్ వస్తోంది. అందరిలాగే నేనూ గోడకు సున్నం వేస్తాను. అప్పటికీ వీళ్లు ఇక్కడే ఉంటే గోడకెంత పడుతుందో, వాళ్లకెంత పడుతుందో నేను పూచీ పడను.

ఇట్లు,
ఒళ్లు మండుతున్న
మిర్సీని కంబూరి

తా.క. టోపీ ఆవిడ మా పుంజుకు కూడా "ష్ష్" అంది. అది కూత ఆపేసింది. నా మాట ఏనాడూ విన్న పాపాన పోలేదు.

మిటిలీని,
ఏప్రిల్ 20

గౌరవనీయులైన మిర్సీని అమ్మగారికి,

మీ ఉత్తరం చదివి సిగ్గుతో తల దించుకున్నాను. మా సభ్యులు మర్యాదస్తులు. మీ బట్టల మీద వాళ్లకు ఎలాంటి ఆసక్తీ లేదని ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మాస్టారుగా హామీ ఇస్తున్నాను.

వాళ్లు దేన్ని చూస్తున్నారో మాత్రం చెప్పలేను. గూడు ఎక్కడుందో కాగితం మీద పెట్టకూడదన్నది మా సంఘం మొదటి నియమం. అక్కడ గూడు ఉందని నేను అనడం లేదు. లేదని కూడా అనడం లేదు.

ఒక్కటే ప్రార్థన. ఈ ఒక్క ఏడూ గోడకు సున్నం వేయవద్దు. ఎందుకని అడగవద్దు.

ఇట్లు,
మీ విధేయుడు
ఇగ్నాతిస్ సరాందిస్

తా.క. వేయక తప్పదంటే కనీసం గేటు నుంచి మూడో రాయి దగ్గర వేయకండి. ఆ రాయి దగ్గర ఏమీ లేదు.

ఏప్రిల్ 23

సెక్రటరీకి,

నా గోడకు నేను సున్నం వేసుకోవద్దని చెప్పడానికి మీరెవరు? గుడ్ ఫ్రైడే నాడు ప్రభువు పూలపాడె ఈ సందులోంచే ఊరేగుతుంది. ఊరు ఊరంతా దాని వెనక నడుస్తుంది. కాపురానికి వచ్చిన నలభై ఆరేళ్లలో నా గోడ ఆ రోజున తెల్లగా లేకపోవడం అన్నది జరగలేదు, మా ఆయన పోయిన ఏడుతో సహా.

మీరెవరో నాకు అర్థమైంది. పాతరాళ్ల ఆఫీసు మనుషులు మీరు! మా మరిది గాడిదల కొట్టంలో ఇలాగే ఒక రాయిని చూసి పోయారు. తొమ్మిదేళ్లయింది, పాపం ఇంతవరకూ ఆ కొట్టంలో గాడిదను కట్టనివ్వలేదు. నా గోడ జోలికొస్తే ఊరుకోను.

సందులో కర్రలు పాతి గోడ పొడుగునా దుప్పట్లు కట్టేశాను. రేడియో గట్టిగా పెట్టాను. రెండు వరసల చేపలు కూడా వేలాడదీశాను. ఇక ఏం ఫొటో తీసుకుంటారో తీసుకోమనండి.

ఇట్లు,
మిర్సీని కంబూరి, ఇంటి యజమానురాలు

తా.క. మూడో రాయి దగ్గర ఏమీ లేదని మీరే అన్నారు కదా. ఏమీ లేదు. మళ్లీ ఆ రాయి ఊసెత్తారంటే బాగుండదు.

ఏప్రిల్ 26

మిర్సీని కంబూరికి,

మీకు మర్యాదగా రాయడం నా తప్పు. రేడియో మోత, అడ్డంగా దుప్పట్లు, పైగా కుళ్లిన చేపల కంపు! మా వాళ్లు ఫోనులో చెబుతుంటే నా రక్తం ఉడికిపోయింది. మనిషన్నవాళ్లు చేసే పనేనా ఇది?

నియమం పోతే పోనీ, చెబుతున్నాను. మీ గోడ మూడో రాయి పక్క కన్నంలో కిరీటం పిట్ట గుడ్లు పెట్టింది. సున్నపు నీళ్లు లోపలికి కారితే అన్నీ చస్తాయి. ఆ పాపం మీదే. మీలాంటి రాతిగుండె మనిషి గోడే ఆ పిట్టకు దొరకాలా!

ఇట్లు,
ఇగ్నాతిస్ సరాందిస్

తా.క. ఇది పరమ రహస్యం. ఆ పదకొండు మందికీ, అంతకుముందు వచ్చిన జర్మన్లకూ, మే నెలలో రాబోయే రెండు బస్సులవాళ్లకూ తప్ప ఎవరికీ తెలియదు.

మే 9

ఏమయ్యా ఇగ్నాతిస్,

కిరీటం పిట్ట సంగతి నువ్వు నాకు చెబుతావా? ఆరేళ్లుగా అది నా గోడలో కాపురం చేస్తోంది. దుప్పట్లు కట్టింది మీ కెమెరాలకు అడ్డంగా. రేడియో పెట్టింది మీ వాళ్లను తరమడానికి. పిట్టకు రేడియో కొత్త కాదు, ఆరేళ్లుగా నాతో పాటు వాతావరణ వార్తలు వింటోంది.

చేపలంటావా? ఆ గూడు ఎంత కంపు కొడుతుందో నీకు తెలియదూ? పక్కింటి ఎర్మియోని ముక్కు మూసుకుని వచ్చింది. "ఏమే మిర్సీనీ, మీ ఇంట్లో ఏం చచ్చిందే?" అంది. పిట్ట గూడు కంపని చెప్పానంటే ఆమె మొగుడు ఆ పూటే కన్నంలో సిమెంటు కూరుతాడు. అందుకే సార్డీన్లు వేలాడదీసి, "చేపలే, పాడైపోయాయి" అన్నాను. చేప ఆరబెట్టడం చేతకాని ఆడది కల్లోని మొత్తం మీద నేనొక్కదాన్నే అని పేరొచ్చింది.

సున్నం వేయలేదు. ఏటా పిట్ట గుడ్లు పెట్టకముందే వేసేదాన్ని, ఈ ఏడు ఈస్టర్ ఆలస్యంగా వచ్చింది. ఒక్క రాయి వదిలేస్తే అందరి కళ్లూ దానిమీదే పడతాయని గోడంతా వదిలేశాను. శుక్రవారం పాడె వస్తుందని దుప్పట్లు విప్పక తప్పలేదు. ఊరేగింపు నా గోడ ముందు ఆగింది. పాదిరి గారు గోడను చూశారు, నన్ను చూశారు. "ఒంట్లో బాగాలేదా తల్లీ?" అన్నారు. ఊరంతా విన్నది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

శనివారం నేను చర్చిలో ఉండగా మీ టోపీ ఆవిడ ఏం చేసిందో తెలుసా? కన్నానికి నీడగా వేలాడే అడవి అంజూరపు కొమ్మను కత్తిరించేసింది, ఫొటో బాగా రావాలని! నేను వచ్చేసరికి ఎండ సూటిగా కన్నంలో పడుతోంది. తల్లిపిట్ట నోరు తెరుచుకుని రొప్పుతోంది. ఆవిడ చేతిలో కత్తెర లాక్కుని, "ఇక్కడ గూడుందని నీకు చెప్పిన వెధవ ఎవడే?" అని అడిగాను. సంచిలోంచి పుస్తకం తీసి చూపించింది.

మీ సంఘం వసంత సంచిక. అట్టమీద నా పిట్ట. కింద "ఈ గూడు ఎక్కడుందో మేము చెప్పము" అని రాసి ఉంది. పిట్ట పక్కనే నా నీలం గేటు. గేటుమీద వీధి పేరు, పద్నాలుగో నంబరు, మా ఆయన చేత్తో పెయింటు వేసిన "కంబూరి". ఫొటో తీసినవారు: ఇగ్నాతిస్ సరాందిస్.

నిరుడు మంచినీళ్లు కావాలని వచ్చిన బట్టతల మనిషివి నువ్వే కదూ? నీకు చెంచాడు చెర్రీ పాకం కూడా పెట్టానే! తిన్నావు, బాగుందన్నావు, పోతూ పోతూ నా గుట్టు తీసుకెళ్లి అచ్చేశావు.

ఆ పదకొండు మందినీ పంపించేశాను. సున్నం బకెట్టు ఊరికే పోలేదు.

కొమ్మ పెరగడానికి ఏడాది పడుతుంది. నీడకు గుడ్డ కట్టి చూశాను, గాలికి ఊగితే పిట్ట బెదిరిపోతోంది. నేనంటే బెదరదు. అందుకని రోజూ పన్నెండు నుంచి నాలుగు దాకా సందులో గోడవైపు మొహం పెట్టి, గొడుగు పట్టుకుని నిలబడుతున్నాను. మిర్సీనికి పిచ్చెక్కిందని ఊరు తీర్మానించేసింది. ఎర్మియోని రోజూ నాకోసం కొవ్వొత్తి వెలిగిస్తోంది.

క్షమాపణ ఉత్తరం రాశావంటే చింపి పొయ్యిలో వేస్తాను. ఆ బస్సుల్ని ఆపించు. గొడుగు తీసుకుని నువ్వు రా. పన్నెండు నుంచి రెండు నాది, రెండు నుంచి నాలుగు నీది. కెమెరా తెచ్చావో, గేటు దగ్గరే పగలగొడతాను.

ఇట్లు,
కుడిచేతిలో గొడుగుంది కాబట్టి ఎడమచేత్తో రాస్తున్న
మిర్సీని

తా.క. పొద్దున చూశాను. ఏడు గుడ్లూ పిల్లలయ్యాయి. నా భుజం మాత్రం పైకి లేవడం లేదు. రేపే రా.