ఓస్ట్రమ్ గారి లైబ్రరీ కప్పు

బ్రాండ్‌వెల్, అయోవా
1974 అక్టోబరు 9

మార్లిస్ తల్లీ, పేపర్లో మీ నాన్న పేరు చూసి కంగారుపడకు, అంతా మంచే జరిగింది.

పోయినేడు చనిపోయిన ఆర్కిటెక్టు ఓస్ట్రమ్ గారు దేశమంతా ముప్ఫైకి పైగా భవనాలు కట్టారు కదా. వాటిలో మొదటిదైన మన ఊరి లైబ్రరీని, కారుతోందని కూల్చేద్దామని పోయిన మంగళవారం టౌన్ కౌన్సిల్ వాళ్లు మీటింగు పెట్టారు. "గోడలన్నీ అద్దాలు, కప్పేమో బల్లపరుపు. వానొస్తే అక్కడ పుస్తకాలకన్నా బకెట్లే ఎక్కువ" అని ఒకాయన అంటే అందరూ నవ్వారు.

మీ నాన్న లేచి నిలబడ్డారు. "తప్పు ఓస్ట్రమ్ గారిది కాదు, కప్పు వేసిన నాది. నీళ్లు పోవడానికి ఆయన గీసిన వాలు నేను సరిగా ఇవ్వలేదు. ఆయనకు తెలుసు. 'నలుగురు పిల్లలవాడివి, పని పోతే ఎలా? మాట నేను పడతాలే' అన్నారు. ఇరవై ఏళ్లు పడ్డారు. ఆ కప్పు నేనే మళ్లీ వేస్తాను, కూలి వద్దు" అన్నారు.

కౌన్సిల్లో ఉంచమని అయిదుగురు, కూల్చమని ఇద్దరు చేతులెత్తారు. బయట ఓస్ట్రమ్ గారి భార్య మీ నాన్న చెయ్యి పట్టుకుని, "ఇంట్లో నాక్కూడా మీ పేరు చెప్పలేదండీ" అంది. మీ నలుగురి చదువులూ ఆయన చలవే, మరవకండి.

నెలాఖరుకు మీ ఆయన్ని ఓ వారం పంపు, నాన్న ఒక్కరే నిచ్చెన ఎక్కడం నాకిష్టం లేదు. పాపకు దగ్గు తగ్గిందా? జామ్ సీసాలు పగలకుండా అందాయా?

నాన్న మీ అందరికీ దీవెనలు చెప్పమన్నారు. కట్టిన ఇన్నేళ్లకు నిన్న మొదటిసారి ఆ లైబ్రరీలో కూర్చుని, సాయంత్రం దాకా చదువుకుని వచ్చారు.

అమ్మ