నాకు వినబడని ఫ్లూటు

గౌడవెల్లి, మంగళవారం రాత్రి

పొద్దంతా ఫ్యాక్టరీలో మిషన్ల మోత. ఒళ్లు హూనమైంది. ఇంటికొచ్చి, ఈమధ్య నన్ను వదలకుండా పట్టుకున్న కొత్త పాట పెట్టాను. ఆ గాయని గొంతులోని అలసట నాదే అనిపిస్తుంది.

రొట్టెలు కాలుస్తున్న నా భార్య, "రెండో చరణంల ఫ్లూటు మస్తుగుంది గదా" అంది.

"ఫ్లూటేడుంది?"

"గింత మంచిగ ఇనబడ్తాంటే ఏడుందంటవేంది?"

సౌండు పెంచాను. గొంతు ఉంది, డప్పు ఉంది. ఫ్లూటు లేదు. ఈమధ్య నచ్చిన పాటలన్నిటిలో ఏమేం వినకుండానే మురిసిపోయానో!

ఆమె స్టవ్ ఆర్పి పక్కన కూర్చుంది. "రేపు డ్యూటీకి పోకు. చెవుల డాక్టర్ తానకు పోదాం."

"సరే. గా ఫ్లూటు ఎట్లుందో జెర పాడు."

సిగ్గుపడుతూనే కూనిరాగం తీసింది. నిజంగానే బాగుంది. ఇంకోసారి పాడమన్నాను.